పేరు లేని సేవ: ఓవర్‌ఈటర్స్ అనానిమస్‌లో వాలంటీర్లు ఏం చేస్తారు, ఎందుకు చేస్తారు?

విదేశాల్లో ఉండే మన తెలుగువాళ్ళకి వాలంటీర్ పని కొత్తేమీ కాదు. ఉగాదికి హాలు బుక్ చేస్తాం, గుడిలో అన్నదానానికి కూరలు తరుగుతాం, ఆదివారం తెలుగు బడిలో పిల్లలకి గుణింతాలు దిద్దిస్తాం. చేసినవాళ్ళ పేర్లు స్టేజీ మీద చదువుతారు, శాలువా కప్పుతారు, ఫొటో తీస్తారు. అందులో తప్పు లేదు. ఈ వ్యాసం మాత్రం ఇంకో రకం సేవ గురించి. ఇక్కడ శాలువా ఉండదు, ఫొటో ఉండదు, ఇంటిపేరు కూడా ఉండదు. భోజనాలు అసలే ఉండవు.

ఆ చోటు పేరు ఓవర్‌ఈటర్స్ అనానిమస్. పొట్టిగా ఓఏ అంటారు. ఆకలి లేకపోయినా తినడం, మొదలుపెడితే ఆపుకోలేకపోవడం, ఎవరూ చూడనప్పుడు తినడం, తిన్నాక బలవంతంగా కక్కడం, లేదంటే రోజుల తరబడి కడుపు మాడ్చుకోవడం... ఇలా తిండితో సతమతమయ్యేవాళ్ళు ఒకరికొకరు తోడుగా బాగుపడడానికి కలుసుకునే సంఘం. న్యూజెర్సీలో అలాంటి ఒక గ్రూపులో నేను ఏడేళ్ళుగా సభ్యురాలిని. కుర్చీలు వేశాను, లెక్కలు చూశాను, ఇప్పుడు కొత్తగా వచ్చేవాళ్ళ ఫోన్లు ఎత్తుతున్నాను. వ్యాసం కింద నా పేరు ఎందుకు లేదో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

ఒక మాట ముందే చెప్పాలి. నేను ఓఏ తరఫున మాట్లాడటం లేదు. ఆ సంస్థ తరఫున మాట్లాడే హక్కు ఏ ఒక్క సభ్యుడికీ లేదు. తెలిసినవాళ్ళ ద్వారా ఫోన్ చేసే తెలుగు ఆడవాళ్ళు, ఈమధ్య మగవాళ్ళు కూడా, పదే పదే అడిగే ప్రశ్నలకి ఒక సభ్యురాలిగా నాకు తెలిసిన జవాబులు ఇవి.

ఎక్కడ మొదలైంది?

దీని మూలం ఆల్కహాలిక్స్ అనానిమస్, అంటే ఏఏ. 1935 మేలో న్యూయార్క్ నుంచి వ్యాపారం పని మీద ఒహాయో రాష్ట్రంలోని ఏక్రన్‌కి వెళ్ళిన బిల్ విల్సన్ అనే ఆయన, అప్పటికి కొద్ది నెలలుగా తాగుడు మానేసి ఉన్నాడు. వెళ్ళిన పని చెడిపోయింది. మళ్ళీ తాగేస్తానేమోనని భయం పట్టుకుంది. అప్పుడు ఆయనకి తోచిన ఉపాయం ఏమిటంటే, ఇంకో తాగుబోతును వెతికి పట్టుకుని మాట్లాడడం. ఫోన్లు చేస్తూ పోతే చివరికి ఆ ఊరి సర్జన్ డాక్టర్ బాబ్ స్మిత్ దొరికాడు. ఆ మాటలతో విల్సన్ తాగకుండా నిలబడ్డాడు. కొద్ది వారాల్లో డాక్టర్ బాబ్ కూడా మానేశాడు. ఆయన ఆఖరిసారి తాగిన 1935 జూన్ 10ని ఏఏ పుట్టినరోజుగా లెక్కిస్తారు.

ఈ కథలో గమనించాల్సింది ఒకటుంది. విల్సన్ డాక్టర్ బాబ్‌ని ఉద్ధరించడానికి వెళ్ళలేదు, తను మునిగిపోకుండా ఉండడానికి వెళ్ళాడు. ఈ ఫెలోషిప్పుల్లో సేవ అన్న మాటకి అర్థం మొత్తం అక్కడే ఉంది.

ఓఏ సంగతికొస్తే, లాస్ ఏంజెలస్‌లో రోజాన్ ఎస్. అనే గృహిణి 1958లో ఒక స్నేహితుడికి తోడుగా జూదరుల పన్నెండు మెట్ల మీటింగుకి వెళ్ళింది. జూదం గురించి వాళ్ళు చెప్పుకుంటున్నవన్నీ తిండి విషయంలో తనకీ సరిపోతున్నాయని ఆమెకి అనిపించింది. 1960 జనవరి 19న ఇంకో ఇద్దరు ఆడవాళ్ళతో కలిసి మొదటి ఓఏ మీటింగు పెట్టింది. ఇప్పుడు చాలా దేశాల్లో గ్రూపులున్నాయి. ఆన్‌లైన్లో, ఫోన్లో జరిగే మీటింగులూ ఉన్నాయి. ప్రపంచ సేవా కార్యాలయం న్యూమెక్సికో రాష్ట్రంలోని రియో రాంచోలో ఉంది.

చేరడానికి కావలసింది ఒక్కటే: ఆపుకోలేక తినడం మానాలనే కోరిక. ఫీజు లేదు, బరువు చూడరు, దరఖాస్తు లేదు. లావుగా ఉన్నవాళ్ళూ వస్తారు, సన్నగా ఉన్నవాళ్ళూ వస్తారు. మీటింగు చర్చిలో జరుగుతుంటే మతం మారుస్తారేమోనని మనవాళ్ళు కొందరు జంకుతారు. ఆ గది అద్దెకి తీసుకున్నదే తప్ప ఆ చర్చితో గ్రూపుకి సంబంధం ఉండదు. మెట్లలో దేవుడి మాట వస్తుంది, కానీ ఎవరికి అర్థమైన దేవుడు వాళ్ళకే. మా గ్రూపులో వెంకన్నని తలుచుకునేవాళ్ళూ, అల్లాని తలుచుకునేవాళ్ళూ, దేవుడే లేడనుకుని గ్రూపునే తమకన్నా పెద్ద శక్తిగా అనుకునేవాళ్ళూ ఉన్నారు.

సేవ ఎందుకు మందు అవుతుంది?

పన్నెండు మెట్లలో చివరిది, తను పొందిన మేలుని ఇంకా బాధపడుతున్నవాళ్ళకి అందించడం. ఓఏలో రోజువారీ వాడుకోవడానికి తొమ్మిది సాధనాలు చెబుతారు. తినే ప్రణాళిక, స్పాన్సర్‌షిప్, మీటింగులు, ఫోను, రాసుకోవడం, పుస్తకాలు, కార్యాచరణ ప్రణాళిక, అజ్ఞాతం, సేవ. సేవ అంటే ఎవరికో చేసే ఉపకారం కాదు, తను బాగుపడడానికి వాడే పనిముట్టు అని దీని అర్థం.

ఎలా పనిచేస్తుందో నా అనుభవంలో చెప్తాను. ఈ జబ్బు ఒంటరిగా ఉన్నప్పుడే పెరుగుతుంది. అందరూ పడుకున్నాక, వంటింటి లైటు వేయకుండా, ఫ్రిజ్ వెలుతురులో నిలబడి తినే మనిషికి, శనివారం ఉదయం ఎనిమిదిన్నరకి గది తాళం తీయాల్సిన పని ఉంటే ఏమవుతుంది? ఆ రోజు మంచం మీంచి లేవడానికి ఒక కారణం ఉంటుంది. తను వెళ్ళకపోతే పదిమంది తలుపు బయట నిలబడతారు. సిగ్గుతో మానేద్దామనుకున్న వారమే వెళ్ళక తప్పదు. వెళ్ళాక నలుగురి మాటలు వింటుంది. నాకు తెలిసినవాళ్ళలో చాలామంది మొదటి ఏడాది నిలబడింది గొప్ప నిశ్చయంతో కాదు, చేతిలో తాళం ఉండడం వల్ల.

రెండో సంగతి, కొత్తవాళ్ళ మాట. నిన్ననే వచ్చిన మనిషి చెప్పే కథలో మనం మరిచిపోతున్న మన కథే వినిపిస్తుంది. నేను బాగైపోయాను, ఇక నాకివన్నీ అక్కర్లేదు అనే ధీమా అక్కడ కరుగుతుంది.

గ్రూపులో ఉండే పనులు

గ్రూపుకి అధ్యక్షుడు, కార్యదర్శి, గౌరవ సలహాదారు అంటూ పెద్ద పట్టిక ఉండదు. పనులు మాత్రం ఉంటాయి. పేర్లు గ్రూపుని బట్టి మారతాయి కానీ మామూలుగా ఇవీ:

తలుపు తీసి కుర్చీలు వేసేవాళ్ళు. అయ్యాక మళ్ళీ మడిచిపెట్టేవాళ్ళు.

గుమ్మం దగ్గర పలకరించేవాళ్ళు. కొత్త మనిషి వస్తే పక్కన కూర్చుని, ఏం జరుగుతుందో చెబుతారు. చాలామందికి అన్నిటికన్నా గుర్తుండిపోయేది ఈ పలకరింపే.

సెక్రటరీ. మీటింగుని నడుపుతారు, రాసిపెట్టిన వరస ప్రకారం చదువుతారు, మాట్లాడేవాళ్ళని పిలుస్తారు. సలహాలివ్వడం, తీర్పులు చెప్పడం వీళ్ళ పని కాదు.

గడియారం చూసేవాళ్ళు. ఒక్కొక్కరికి మూడు నిమిషాలంటే మూడు నిమిషాలే. మన సంఘాల మీటింగులకి అలవాటుపడ్డవాళ్ళకి ఇది పెద్ద వింత.

ట్రెజరర్. పళ్ళెంలో లేదా ఫోన్ యాప్‌లో వచ్చిన డబ్బు లెక్క రాసి, అద్దె కట్టి, నెలనెలా గ్రూపుకి చదివి వినిపిస్తారు.

పుస్తకాలు చూసేవాళ్ళు. కరపత్రాలు, పుస్తకాలు తెప్పించి బల్ల మీద సర్దుతారు.

ఫోన్ జాబితా చూసేవాళ్ళు. ఇష్టపడి నంబరిచ్చినవాళ్ళవి మాత్రమే అందులో ఉంటాయి.

ఆన్‌లైన్ మీటింగైతే జూమ్ తెరిచి, మ్యూట్ చేసి, అల్లరి చేయడానికి దూరినవాళ్ళని బయటికి పంపేవాళ్ళు. మన ఐటీ వాళ్ళు ముందుగా చేతులెత్తేది ఈ పనికే.

ఏ పనికీ జీతం లేదు, సర్టిఫికెట్ లేదు. పిల్లల కాలేజీ అప్లికేషన్‌కి వాలంటీర్ గంటలు ఇక్కడ దొరకవు. ప్రతి పనికీ గడువు ఉంటుంది. ఆరు నెలలో ఏడాదో అయ్యాక ఇంకొకరికి అప్పగించాలి. ఎంత బాగా చేస్తున్నా దిగిపోవాలి. మొదట్లో ఇది అన్యాయంలా తోచినా, తర్వాత అర్థమవుతుంది. ఒకే మనిషి పదేళ్ళు లెక్కలు చూస్తే గ్రూపు ఆ మనిషిదైపోతుంది. పైగా కొత్తగా వచ్చినవాళ్ళకి ఆ మందు దొరకదు. చీలిపోయిన సంఘాలని చూసిన మనకి ఈ సూత్రం విలువ వేరే చెప్పక్కర్లేదు.

ముందు బాగుపడాలా, ముందు సేవ చేయాలా?

అందరూ అడిగే ప్రశ్న ఇది. ఓఏలో అబ్‌స్టినెన్స్ అనే మాట ఉంది. ఆపుకోలేని తిండికీ, దానికి సంబంధించిన అలవాట్లకీ దూరంగా ఉంటూ, ఆరోగ్యకరమైన బరువు వైపు నడవడం లేదా ఆ బరువు నిలుపుకోవడం అని స్థూలంగా దాని అర్థం. ఇది ఏకాదశి ఉపవాసం లాంటిది కాదు. మూడు పూటలా తింటూనే దూరంగా ఉండడం. తాగుబోతు సీసా మూత పెట్టేస్తే సరిపోతుంది, మనం మాత్రం రోజూ మూత తీయాలి, మళ్ళీ పెట్టాలి.

కుర్చీలు వేయడానికి, పలకరించడానికి, పుస్తకాలు సర్దడానికి చాలా గ్రూపుల్లో ఏ షరతూ ఉండదు. మొదటి రోజే చేయొచ్చు. సెక్రటరీ, ట్రెజరర్ లాంటి పనులకి కొన్ని గ్రూపులు ఇన్ని రోజుల అబ్‌స్టినెన్స్ ఉండాలని పెట్టుకుంటాయి. ఎన్ని రోజులన్నది ఆ గ్రూపే కూర్చుని తేల్చుకుంటుంది. పై స్థాయికి వెళ్ళేకొద్దీ షరతు గట్టిపడుతుంది. ప్రపంచ సేవా సమావేశానికి ప్రతినిధిగా వెళ్ళాలంటే కనీసం 1 ఏడాది అబ్‌స్టినెన్స్, గ్రూపు స్థాయికి పైన 2 ఏళ్ళ సేవ ఉండాలి.

మధ్యలో అబ్‌స్టినెన్స్ తప్పితే? షరతు ఉన్న పనైతే గ్రూపు నియమాన్ని బట్టి అప్పగించాల్సి రావచ్చు. గ్రూపు నుంచి వెళ్ళగొట్టడం మాత్రం ఉండదు. ఈసారి కుర్చీలు వేస్తారు, అంతే. పరువు పోయిందని ఎవరూ అనుకోరు.

స్పాన్సర్ అంటే డబ్బిచ్చేవాళ్ళు కాదు

మన దగ్గర స్పాన్సర్ అనగానే రెండే గుర్తొస్తాయి. ఒకటి సంఘం బ్యానర్ మీద ప్లాటినం స్పాన్సర్, రెండోది వీసా స్పాన్సర్. ఇక్కడ స్పాన్సర్ అంటే మనకన్నా ముందు ఆ దారిలో నడిచిన తోటి మనిషి. తను అబ్‌స్టినెన్స్‌లో ఉంటూ, మెట్లు ఎలా ఎక్కిందో మనకి చెబుతుంది. రోజూ ఒక వేళకి ఫోన్ ఎత్తుతుంది. ఈ రోజు ఏం తినాలనుకుంటున్నామో కొందరు పొద్దున్నే స్పాన్సర్‌కి చెప్పుకుంటారు.

ఓఏలో సేవ అన్నిటిలోకీ లోతైనది ఇదే. హద్దులు ఎక్కువ అవసరమయ్యేదీ ఇదే. స్పాన్సర్ డాక్టరు కాదు, డైటీషియన్ కాదు, అత్తగారూ కాదు. ఓఏకి తనదంటూ డైట్ లేదు. అన్నం మానేయమనో, చక్కెర ముట్టుకోవద్దనో ఆ సంస్థ చెప్పదు. తినే ప్రణాళికని అర్హత ఉన్న వైద్యులతో, డైటీషియన్లతో మాట్లాడి తయారు చేసుకోమంటారు. షుగరు మందులు వేసుకునేవాళ్ళు, గర్భిణులు తిండి వేళలు మార్చేముందు తప్పకుండా తమ డాక్టరుని అడగాలి. ఎవరైనా స్పాన్సర్ మందులు ఆపేయమంటే, ఆ స్పాన్సర్‌ని మార్చుకోండి. మార్చుకోవడం తప్పు కాదు, అలిగే పని లేదు.

ఆపుకోలేక ఒక్కసారిగా ఎక్కువ తినే జబ్బుని, అంటే బింజ్ ఈటింగ్ డిజార్డర్‌ని, అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో వచ్చిన డీఎస్‌ఎం-5లో విడి జబ్బుగా గుర్తించింది. దానికి వైద్యం ఉంది. డాక్టరు దగ్గరికి వెళ్తూ ఓఏకీ రావచ్చు, ఒకదానికొకటి అడ్డం కాదు. ప్రాణం మీదికి వచ్చే ఆలోచనలుంటే స్పాన్సర్ ఫోన్ కోసం ఎదురుచూడకూడదు. అమెరికాలో 988కి, బ్రిటన్‌లో సమారిటన్స్ 116 123కి వెంటనే ఫోన్ చేయాలి.

గ్రూపు పైన ఏముంటుంది?

ఒక ప్రాంతంలోని గ్రూపులు కలిసి ఇంటర్‌గ్రూప్ అని పెట్టుకుంటాయి. ప్రతి గ్రూపు నుంచి ఒక ప్రతినిధి నెలనెలా వెళ్తారు. మీటింగుల జాబితా, ఫోన్ లైను, వర్క్‌షాపులు వాళ్ళు చూస్తారు. వాటి పైన రీజియన్లు. గల్ఫ్, యూరప్, ఆఫ్రికా దేశాలు తొమ్మిదో రీజియన్ కిందికి వస్తాయి. ఆ పైన ఏటా ఒకసారి ప్రపంచ సేవా సమావేశం జరుగుతుంది, ధర్మకర్తల మండలి ఉంటుంది. కార్యాలయంలో జీతం తీసుకునే ఉద్యోగులు ఉంటారు. ఒక మనిషి ఇంకో మనిషికి చేసే సహాయానికి మాత్రం జీతం ఉండదు.

పైన అన్న మాట ఇక్కడ అసలు సరిపోదు. ఈ బొమ్మని తలకిందులుగా చూడాలి. గ్రూపులే పైన, మండలి అడుగున. నాయకులు ఏలేవాళ్ళు కాదు, నమ్మి పని అప్పగించిన సేవకులు అని రెండో సంప్రదాయం చెబుతుంది. మా గ్రూపు ఏ పుస్తకం చదవాలో, ఎన్నింటికి మొదలుపెట్టాలో ఎవరూ ఆదేశించరు. గ్రూపు కూర్చుని, అందరి మాటా విని, తేల్చుకుంటుంది. కొత్తగా వచ్చిన అమ్మాయి మాటకీ, ఇరవై ఏళ్ళుగా వస్తున్న పెద్దాయన మాటకీ ఒకే విలువ. పెద్దవాళ్ళ ముందు నోరు మెదపకూడదని పెరిగిన మనకి ఇది అలవాటు కావడానికి కొంత కాలం పడుతుంది.

డబ్బు, పేరు: రెండూ ఎందుకు వద్దంటారు?

ఏడో సంప్రదాయం ప్రకారం గ్రూపు ఖర్చులు సభ్యులే పెట్టుకోవాలి. బయటివాళ్ళ విరాళాలు తీసుకోరు. మనలో ఒకరు అమ్మ పేరు మీద వెయ్యి డాలర్లు ఇస్తామన్నా, సభ్యులు కాకపోతే నమస్కారం పెట్టి వద్దంటారు. స్తోమత లేనివాళ్ళు ఏమీ ఇవ్వక్కర్లేదు. అద్దె, పుస్తకాల ఖర్చు పోను, అవసరానికి కొంత ఉంచుకుని, మిగిలింది ఇంటర్‌గ్రూపుకీ, రీజియన్‌కీ, ప్రపంచ కార్యాలయానికీ పంపుతారు. పెద్ద మొత్తం నిల్వ పెట్టుకోరు. డబ్బున్న చోట తగువులు వస్తాయని, డబ్బిచ్చినవాళ్ళ మాట చెల్లుతుందని వాళ్ళకి ముందే తెలుసు.

పేరు సంగతి కూడా అంతే. పత్రికల్లో, రేడియోలో, టీవీలో, సినిమాల్లో, అలాగే ఇంటర్నెట్‌లో సభ్యులుగా తమ పూర్తి పేరు, ముఖం చూపించుకోరు. ఈ కాలమ్‌లో నా పేరు లేకపోవడానికి కారణం ఇదే. ఒకరు హీరో అయిపోయి రేపు జారిపడితే, ఓఏ పనిచేయదని జనం అనుకుంటారు. అంతకన్నా ముఖ్యంగా, పేరు కోసం చేసే సేవలో మందు గుణం ఉండదు.

తెలుగువాళ్ళెవరైనా అక్కడ కనిపిస్తే ఎలా అని భయపడేవాళ్ళు చాలామంది. ఊళ్ళో నాలుగు వందల తెలుగు కుటుంబాలుంటే, మూడు వందల వాట్సాప్ గ్రూపులున్న కాలం ఇది. న్యాయంగా అడగాల్సిన ప్రశ్నే. అక్కడ ఎవరిని చూశామో, ఏం విన్నామో బయట చెప్పకూడదన్నది సభ్యుల మధ్య కట్టుబాటు. అది డాక్టరు గోప్యతలాగా చట్టం రాసిన హామీ కాదన్నది కూడా తెలిసి ఉండాలి. ఇమ్మిగ్రేషన్ సంగతులు, కోర్టు కేసులు, ఆఫీసు రహస్యాలు మీటింగులో కాదు, లాయరు దగ్గర చెప్పుకోండి. తెలిసినవాళ్ళ భయం ఎక్కువగా ఉంటే వేరే రాష్ట్రం, వేరే దేశం ఆన్‌లైన్ మీటింగుకి వెళ్ళొచ్చు. ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది, మిమ్మల్ని చూసినవాళ్ళూ అందుకే వచ్చారు.

మన ఇళ్ళలో వచ్చే చిక్కు

మనకి ప్రేమ అంటే వడ్డన. ఇంటికొచ్చినవాళ్ళని కొసరి కొసరి తినిపించకపోతే మర్యాద తక్కువైనట్టే. సేవ అన్నా అంతే, అన్నదానం, ప్రసాదం, పాట్‌లక్. తిండితో బాధపడే మనిషి మన సంఘంలో సేవ చేయాలంటే, తనని బాధపెట్టే దాని పక్కనే నాలుగు గంటలు నిలబడాలి. రెండు వందల మందికి పులిహోర కలిపి, నవ్వుతూ వడ్డించి, ఇంటికెళ్ళి మిగిలిన డబ్బాతో ఒంటరిగా కూర్చునే అక్కయ్యలు నాకు తెలుసు. వాళ్ళని ఊరంతా అన్నపూర్ణ అంటుంది. వాళ్ళ బాధ మాత్రం ఎవరికీ తెలియదు.

అలాంటివాళ్ళకి తిండి లేని సేవ ఒకటి ఉందని తెలియడమే పెద్ద ఊరట. మీటింగులో టిఫిన్లుండవు. కొన్ని గ్రూపుల్లో మాట్లాడేటప్పుడు పదార్థాల పేర్లు కూడా ఎత్తొద్దంటారు. అక్కడ ఆమె చేతికి గరిటె బదులు తాళం ఇస్తారు.

ఇంకో హెచ్చరిక. మనలో చాలామందికి, ముఖ్యంగా ఆడవాళ్ళకి, కాదు అనడం రాదు. ఓఏలో కూడా నాలుగు పనులు నెత్తిన వేసుకుని, ఇంట్లో పసిపిల్లలు, ఆఫీసులో డెడ్‌లైను మధ్య నలిగిపోయేవాళ్ళున్నారు. అలసట మళ్ళీ తిండి వైపే తోస్తుంది. అందుకే పాత సభ్యులు ఒకసారికి ఒకే పని తీసుకోమంటారు. వద్దు అని చెప్పడం కూడా ఇక్కడ నేర్చుకునే విద్యే. అది వచ్చాక, పెళ్ళిభోజనంలో ఇంకో లడ్డూ వద్దనడం కూడా కొంచెం తేలికవుతుంది.

కుటుంబ సభ్యులు ఏం చేయొచ్చు?

మీ ఇంట్లో ఎవరైనా ఓఏకి వెళ్తుంటే ఈ నాలుగు గుర్తుంచుకోండి.

మీటింగు వేళని గౌరవించండి. శనివారం పొద్దున్న గంటన్నర పిల్లల్ని చూసుకోవడం మీరు చేయగల పెద్ద సాయం.

అక్కడేం జరిగిందని గుచ్చి గుచ్చి అడగకండి. ఇతరుల మాటలు వాళ్ళు చెప్పకూడదు.

ఎంత తగ్గావు అని వారం వారం అడగకండి. కాపలా కాయకండి, వంటింట్లో డబ్బాలు దాచకండి. అలాగే ఒక్క ముద్ద తింటే ఏం పోతుంది అని బతిమాలకండి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి, అత్తమామలకి ఈ మాట మీరే మెల్లగా చెప్పండి. కోడలు చెబితే ఒకలా వినిపిస్తుంది, కొడుకు చెబితే ఇంకోలా వినిపిస్తుంది.

ఊళ్ళో ఎవరికీ చెప్పకండి, మంచిగా చెప్పినా సరే. ఎవరికి చెప్పుకోవాలన్నది వాళ్ళ ఇష్టం.

మీ కుటుంబంలో ఒకరికి ఇది పనికొస్తుందనిపిస్తే ఒక్కసారి చెప్పి వదిలేయండి. ఈ ఫెలోషిప్ ప్రచారం చేసుకోదు, నచ్చి వచ్చేవాళ్ళ మీదే నడుస్తుంది. బలవంతంగా తీసుకొచ్చినవాళ్ళు ఎక్కువ రోజులుండరు. ఇష్టంతో వచ్చినవాళ్ళలో కూడా అందరూ ఉండిపోరు. అందరికీ ఇదే దారి కాదు.

మొదలుపెట్టాలంటే

ఓఏ డాట్ ఆర్గ్ వెబ్‌సైట్లో మీ ఊరు, రోజు, వేళ చూసి మీటింగు వెతుక్కోవచ్చు. నేరుగా వెళ్ళేవి, ఆన్‌లైన్, ఫోన్ మీటింగులు మూడూ ఉంటాయి. గల్ఫ్‌లో, మలేసియాలో ఉన్నవాళ్ళకి అర్ధరాత్రి షిఫ్టు తర్వాత కూడా ఏదో ఒక దేశంలో మీటింగు నడుస్తూ ఉంటుంది. మీ పేరులో మొదటి ముక్క చెబితే చాలు. మాట్లాడక్కర్లేదు, వినొచ్చు, కెమెరా ఆపుకోవచ్చు. ఒకటి నచ్చకపోతే ఇంకోటి చూడండి. కనీసం ఆరు మీటింగులు చూశాక నిర్ణయించుకోమని కొత్తవాళ్ళకి సాధారణంగా చెబుతారు.

రెండో మూడో వారంలో, మీటింగు అయ్యాక అందరూ లేస్తుంటే, పక్కనున్నవాళ్ళని అడగండి: నేనేమైనా చేయనా? కుర్చీలు మడవమంటారు. మడవండి. ఆ పది నిమిషాల్లో ఎవరో ఒకరు మీ నంబరు అడుగుతారు, తమది ఇస్తారు. ఆ నంబరు ఫోన్లో దాచుకోండి. రాత్రి పదకొండింటికి వంటింటి వైపు కాళ్ళు లాగినప్పుడు, ముందు ఆ నంబరుకి ఫోన్ చేయండి. మీరు ఫోన్ చేయడం వల్ల అవతలి మనిషికి కూడా ఆ రాత్రి తేలికగా గడుస్తుంది. ఇబ్బంది పెడుతున్నానేమో అని మొహమాటపడకండి.